వేషానికి మందు ఇవ్వని డాక్టరమ్మ

మొహానికి సగం తెల్లరంగు పూసుకున్నాక ఫోను మోగింది. దోర్నపాల్ మేళాలో ఆ సాయంత్రం మా ఆట. ఫోను చేసింది కొంటాలో టీ కొట్టు ఆయన.

"డాక్టరమ్మ పోయింది" అన్నాడు.

"ఎటు పోయింది, బచేలికా?" అన్నాను.

నాకు నవ్వొచ్చింది. ఒకసారి ఆయన చక్కెర డబ్బాలో రబ్బరు తేలు పెట్టాను. అప్పటి నుంచి నా మీద పగబట్టి ఉన్నాడు. ఇన్నాళ్ళకు నాకు టోపీ పెట్టే వీలు చిక్కిందనుకున్నాను. "పరాచికాలకు ఆమె పేరు వాడకు" అన్నాను.

"కాదన్నా. పొద్దుగాల పాలప్యాకెట్ మధ్యాహ్నం దాకా గుమ్మంలనే పడి ఉంది. ఎంత కొట్టినా తలుపు తీయలే. పక్కింటోళ్ళను పిలిచి తీయించినం. కుర్చీలనే కూసోనుంది."

తిట్టు కలపకుండా నన్ను ఏనాడూ పిలవని మనిషి ఆ రోజు ఉత్త 'అన్నా' అన్నాడు. అప్పుడు నమ్మాను.

ఆమె ఎవరో, మేమెవరమో చెప్పాలి. మాది చిన్న ఆటల కంపెనీ. యజమాని మా బావ. వంట, బట్టలు, పిల్లల ఆలనాపాలనా మా అక్క. జోకర్ని నేను, మైకు కూడా నాదే. తెలుగు ఊళ్ళ సరిహద్దున ఉన్న కొంటా నుంచి పైకి సుక్మా దాకా సంతల్లో, మేళాల్లో డేరా వేస్తాం. కర్ర కొసకు ఎక్కి చేతులు వదిలేసే పిల్ల, రింగుల్లోంచి దూరే కుర్రాడు, వెండి బొమ్మలా కదలకుండా నిలబడే ఇంకో కుర్రాడు, అప్పట్లో వెనక్కి విల్లులా వంగి నేల మీది రుమాలును పళ్ళతో అందుకునే రబ్బరు పిల్ల. జనం వచ్చేది ఈ పిల్లల కోసం. నేను మధ్యమధ్యలో పడి లేస్తుంటాను. జోకర్లు లోపల ఏడుస్తుంటారని సినిమాల్లో చెబుతారు. నాకైతే లోపల ఆకలిగా ఉంటుంది.

డాక్టరమ్మ గనుల వైపు, బచేలిలో, ఒక ఆసుపత్రిలో పిల్లల డాక్టరుగా చేసి రిటైరైంది. కోస్తా మనిషి. భర్త ముందే పోయాడు, పిల్లలు లేరు. క్వార్టరు ఖాళీ చేశాక అయినవాళ్ళ ఊరికి పోకుండా కొంటాలో హైవే పక్కన రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుంది. ఇక్కడెందుకు ఆగారని అడిగితే, "ఇక్కడ కిటికీ తీస్తే తెలుగు వినబడుతుంది. అయినా నన్నెవరూ పిన్నీ అని పిలవరు" అంది. ఆ రెంటిలో ఏది ఆమెకు సుఖమో నాకప్పుడు అర్థం కాలేదు. పిలవకపోవడం సుఖం కాదని తర్వాత తెలిసింది.

మేము మొదటిసారి ఆమె గుమ్మం ఎక్కింది వెండి కుర్రాడి కోసం. వాడి వీపు నిండా దద్దుర్లు. ఆట ఆపి, రంగుతోనే తీసుకుపోయాం. ఆమె తలుపు దగ్గరే చెయ్యి అడ్డం పెట్టింది.

"అరుగు పక్కన పంపు ఉంది, సబ్బు ఉంది. కడుక్కుని రా నాన్నా. వేషానికి నేను మందు ఇవ్వను."

"ఇది సబ్బుకు పోదు డాక్టరమ్మ. కిరసనాయిలు పెట్టి తుడుస్తం" అన్నాడు బావ, ఏదో గొప్ప కిటుకు చెబుతున్నట్టు.

ఆమె రంగు డబ్బా తెమ్మంది. తెచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని డబ్బా మీద రాసింది చదివింది.

"ఇది గేట్లకు వేసే రంగు. మీవాడు గేటా?"

బావ నా వైపు చూశాడు, ఆ డబ్బా కొన్నది నేనే అయినట్టు. కొన్నది ఆయనే.

డాక్టరమ్మ ఆ డబ్బా తిరిగివ్వలేదు. విశాఖ వైపు ఎవరికో చెప్పి, నాటకాలవాళ్ళు మొహానికి వాడే మెరుపు పొడి తెప్పించింది. కుర్రాడికి వెంటనే పూయనివ్వలేదు. కొబ్బరినూనెలో కలిపి తన మోచేతి నుంచి మణికట్టు దాకా తానే పూసుకుని పొద్దంతా అలాగే తిరిగింది. కూరగాయలకు వెళ్ళింది, పోస్టాఫీసుకు వెళ్ళింది. టీ కొట్టు ఆయన గుడ్లప్పగించి, "ఏందమ్మా, చెయ్యి వెండిదైంది" అంటే, "తొందరేముంది, మిగతాది కూడా అవుతుంది" అందట. మర్నాడు చెయ్యి కడుక్కుని, చర్మం చూసుకుని, అప్పుడు వాడికి ఇచ్చింది.

ఇలాంటి డాక్టర్ని మేం ఎక్కడా చూడలేదు. అంతకుముందు మా పిల్లలు ఎక్కడికి పోయినా ఒకే మందు. జ్వరమంటే ఒక గోళీ, దగ్గంటే ఒక సీసా. పేరు కూడా అడగరు, డేరావాళ్ళ పిల్లలు అంటారు. ఈమె మొదట అడిగే ప్రశ్న వేరు. "ఆటలో నువ్వేం చేస్తావు? చేసి చూపించక్కర్లేదు, చెప్పు."

ఒక వానాకాలం చివర అందరికీ జలుబు పట్టింది. డోలు కొట్టేవాడికి ఒక మాత్ర ఇచ్చింది. కర్ర ఎక్కే పిల్లకు అది ఇవ్వలేదు, వేరేది ఇచ్చి, జలుబు తగ్గేదాకా కర్ర ముట్టుకోవద్దంది. ఇద్దరికీ ముక్కు ఒకేలా కారుతోంది గదా, ఈ తేడా ఏందని నేను అడిగాను.

"ఆ మాత్రకు మగత వస్తుందయ్యా. డోలు కొట్టేవాడికి మగతొస్తే తాళం తప్పుతుంది. పైనున్న పిల్లకు మగతొస్తే ఏం తప్పుతుంది?"

ఆ రోజే కర్ర తీసి లారీ మీద కట్టేశాను.

పిల్లలతో ఇలాంటి ఆటలు ఆడించడం ఆమెకు ఇష్టం లేదు. దాన్ని మర్యాదలో చుట్టి చెప్పలేదు. మా బావను ఎదురుగా కూర్చోబెట్టి, "నేను థానాకు పోయి చెబితే మీరు పొద్దుటికల్లా శబరి నది దాటి అవతల డేరా వేస్తారు. అక్కడ వీళ్ళను చూసేది ఎవరు? అందుకని పోను. కానీ నేను వద్దన్న ఆట వద్దు, పిల్లలు బడి మానొద్దు. మాట తప్పావో, అప్పుడు పోతాను" అంది. బావ తల ఊపాడు. ఆయన తల ఊపితే గాలికి ఊగినట్టే, దానికి విలువ లేదు. అందుకే ఆమె వచ్చి చూసేది. టిక్కెట్టు కొనుక్కుని, ముందు వరసలో కాకుండా పక్కన తాడు దగ్గర నిలబడేది. అందరూ పిల్లల మొహాలు చూస్తుంటే ఆమె పాదాలు చూసేది. చప్పట్లు కొట్టగా నేనెప్పుడూ చూడలేదు.

నేను ఊరుకునే రకం కాదు. ఒకనాడు గొంతు మార్చి ఫోను చేశాను. "డాక్టర్ సాబ్, మా సర్కస్ పులికి పంటి నొప్పి."

"తీసుకురా. ముందు మొహం కడిగించు" అని పెట్టేసింది.

ఇక రబ్బరు పిల్ల సంగతి. డాక్టరమ్మ గురించి ఏం చెప్పినా ఇది చెప్పకపోతే చెప్పనట్టే.

ఆ పిల్లది రాయ్‌పూర్ వైపు. తండ్రి మా దగ్గర డోలు వాయించేవాడు. ఆయన పోయాక పిల్ల మా అక్క దగ్గరే పెరిగింది. ఇంటి భాష హిందీ. మా మధ్య ఉండి తెలుగు నేర్చుకుంది, అక్కడక్కడా అతుకులు పడ్డ తెలుగు. మేళాల కాలం మొదలైన కొత్తలో ఆ పిల్ల మా అక్కతో, "అత్తా, నస లాగుతోంది" అంది. అక్క బియ్యం ఏరుతోంది. "ఎవరే నీకు నస పెడుతున్నది?" అంది. పిల్ల చెయ్యి చూపించింది. పక్కన వెండి కుర్రాడు కూర్చుని ఉన్నాడు. అక్క వాడి నెత్తిన ఒకటి మొట్టింది.

మర్నాడు కూడా అదే. "నస చాలా లాగుతోంది." బావ విసుక్కున్నాడు. "నస పెట్టేటోళ్ళ జోలికి పోకు. పోయి పని చూస్కో." వెండి కుర్రాడు ఏ పాపం ఎరగక ఇంకో మొట్టికాయ తిన్నాడు. పిల్లకు మేమెందుకు పట్టించుకోవడం లేదో తెలియదు, మాకు అది ఏం చెబుతోందో తెలియదు. హిందీలో చెప్పి ఉంటే మాలో ఎవరికైనా తట్టేది. పాపం మర్యాదకు తెలుగులో చెప్పింది.

కొంటాలో ఆట అయ్యాక పిల్లలందరినీ డాక్టరమ్మ చూస్తోంది. రబ్బరు పిల్ల మొహం కడుక్కుని లోపలికి వెళ్ళింది. మమ్మల్ని ఎప్పటిలాగే అరుగు మీద ఉంచి తలుపు దగ్గరకు వేసింది. పెద్దవాళ్ళ ముందు పిల్లలు అబద్ధం చెబుతారని ఆమె నమ్మకం. కాసేపటికి లోపల గ్లాసు పడిన చప్పుడు. ఇంకాసేపటికి మళ్ళీ గ్లాసు. తర్వాత తలుపు తీసి బయటికొచ్చింది.

"నస అంటే ఏమిటనుకున్నారు మీరు?"

"సతాయించుడు గదా" అన్నాడు బావ.

"అది మన తెలుగులో. ఈ పిల్ల భాషలో నస్ అంటే నరం. మెడలోంచి వేళ్ళదాకా నరం లాగుతోందని చెబుతోంది. నీళ్ళ గ్లాసు ఇస్తే పట్టుకోలేకపోయింది. ఇన్నాళ్ళూ మీతో చెబుతూనే ఉందట."

మా అక్క లేచి, దూరంగా రింగులు తుడుచుకుంటున్న వెండి కుర్రాడిని పిలిచి, ఏమీ చెప్పకుండా తల నిమిరింది. వాడు భయపడ్డాడు.

మర్నాడే దోర్నపాల్‌లో పెద్ద మేళా. బోర్డు మీద రబ్బరు పిల్ల బొమ్మే వేయించాం. బావ గొంతు సవరించుకున్నాడు. "రేపొక్కనాడు ఆడనియ్యండి డాక్టరమ్మ. జనం దాని కోసమే వస్తరు. ఎల్లుండి నుంచి మీరు ఎట్ల చెప్తె అట్ల."

"రేపు మెడ వెనక్కి వంచాక ఆ చెయ్యి పనిచేయకపోతే, ఎల్లుండి నుంచి దానికి అన్నం నువ్వు కలిపి పెడతావా?"

"నేను పెడత" అంది అక్క. బావ వైపు చూడకుండానే అంది. "పెడత గానీ, అంతదాకా రానియ్య. రేపు అది ఆడదు."

మా ఇంట్లో బావ మాట చెల్లుతుంది, అక్క మాట్లాడనంతవరకు.

పొద్దున్నే డాక్టరమ్మ ఆ పిల్లను జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి తానే బస్సులో తీసుకుపోయింది. పరీక్షలయ్యేదాకా దగ్గరుంది. మెడ ఎముకల మధ్య నరం నలుగుతోందని, ఇంకొన్నాళ్ళు వంచి ఉంటే చెయ్యి దక్కేది కాదని అక్కడివాళ్ళూ అన్నారు.

ఇక్కడ దోర్నపాల్‌లో బోర్డు ఉంది, జనం ఉన్నారు, పిల్ల లేదు. నేను ఆ పిల్ల గులాబీరంగు గౌను బనీను మీద కట్టుకుని, "రబ్బరు పిల్లకు జ్వరం, రబ్బరు మామ వచ్చాడు" అని మైకులో చెప్పి వెనక్కి వంగబోయాను. సగం వంగాక ఇరుక్కుపోయాను. అది నటన కాదు. ముందుకు రాలేను, వెనక్కి పోలేను. రుమాలు నా వైపు చూస్తోంది, నేను ఆకాశం వైపు చూస్తున్నాను. వెండి కుర్రాడు బొమ్మలా నిలబడాల్సినవాడు పరుగెత్తుకొచ్చి నన్ను నిలబెట్టాడు. జనం పడీ పడీ నవ్వారు. ఇప్పటికీ మా ఆటలో అదే పెద్ద ఐటం. ఆ నొప్పితో కొంటా పోయి డాక్టరమ్మ ముందు మూలిగాను. వేలితో నడుం మీద రెండు చోట్ల నొక్కి చూసింది.

"నీకు మందు లేదు. ఇది నరం కాదు, ఉత్త నస."

అప్పటి నుంచి ఆమె నన్ను ఆ పేరుతోనే పిలిచింది. ఏమయ్యా నసా, అని.

పిల్లకు మెడకు పట్టీ వేశారు. ఆటలో చమ్కీల గౌన్లు వేసుకుని మెరిసిన పిల్లకు ఆ తెల్ల పట్టీ నామోషీ. డేరా వెనక దాక్కునేది. డాక్టరమ్మ ఆ పట్టీ చుట్టూ గుడ్డ తొడిగించి, పాత గౌను చమ్కీలు మా అక్క చేత దాని మీద కుట్టించింది. వంగొద్దందే గానీ మెరవొద్దనలేదు. పిల్ల చెయ్యి మెల్లగా కుదుటపడింది. మళ్ళీ ఎన్నడూ వంగలేదు. సుక్మాలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది ఇప్పుడు. సెలవులకు వస్తే కసువు ఊడ్చడానికి కూడా వంగదు, నిలువుగా నిలబడి పొడుగు చీపురు అడుగుతుంది. అడిగితే డాక్టరమ్మ ఆర్డర్ అంటుంది.

ఆ తర్వాత డాక్టరమ్మ మాకో పని పెట్టింది. రోజూ ఆట అయ్యాక పిల్లలందరూ మా అక్క చుట్టూ కూర్చుని నస పెట్టాలి. నొప్పో, దురదో, భయమో, ఏదో ఒకటి చెప్పాలి. ఏమీ లేదంటే ఒప్పుకోకూడదు. "నవ్వుతూ ఉండమని మీరే నేర్పారు కదా. ఆ నవ్వు వీళ్ళకు అలవాటైపోయింది. నస పెట్టని పిల్లను నమ్మకండి" అంది. మొదట్లో పిల్లలు బిక్కమొహాలు వేశారు. తర్వాత రుచి మరిగారు. "నాకు చెప్పు కరుస్తోంది." "నాకు లౌడ్ స్పీకర్ పక్కన నిలబడితే చెవిలో ఈగ ఉన్నట్టుంది." కర్ర పిల్ల, "నాకు మామయ్య పాట అంటే కడుపునొప్పి" అంది. మామయ్యను నేనే. ఆమెకు ఫోనులో ఇవన్నీ చెబితే ఒక్కొక్కదానికి ఏదో ఒకటి చేయించేది. లౌడ్ స్పీకర్ జరిపించింది. చెప్పులు మార్పించింది. నా పాట ఆపించింది.

వానాకాలం నాలుగు నెలలూ ఆటలు ఉండవు. కొంటాలో రైసుమిల్లు వెనక షెడ్డులో ఉంటాం. నాకు పెళ్ళాం పిల్లలు లేరు. సాయంత్రాలు ఆమె అరుగు మీద కూర్చునేవాణ్ణి. ఒక్క మనిషికి వండే వంట ఎంత తొందరగా అయిపోతుందో అక్కడే చూశాను. రేడియో పెట్టుకునేది, వినేది కాదు. లారీ వెళితే కిటికీ అద్దాలు గలగలమనేవి, అప్పుడు తల ఎత్తి చూసేది, ఎవరో వచ్చారన్నట్టు. క్వార్టరు ఖాళీ చేసిన రోజు గురించి ఒకసారి చెప్పింది. "గోడలకు మేకుల గుంటలు తప్ప నావేమీ మిగల్లేదయ్యా. ఆ గుంటలు కూడా సున్నం పెట్టి పూడ్చమన్నారు."

నవ్వించబోయాను. నవ్వింది కూడా. నవ్వాక అంది, "నవ్వించేవాళ్ళు దొరుకుతారు. నస పెట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలి."

"నాకు పెట్టండి. పేరే పెట్టిన్రు గదా."

"నీకు చెబితే మైకులో చెబుతావు."

నేనూ నవ్వాను. ఆ మాట అక్కడితో వదిలేశాం.

గుండె బాగోలేదని ఎవరికీ చెప్పలేదు. టీ కొట్టు ఆయన ఇప్పుడు అంటున్నాడు, ఈ మధ్య సందు దాటడానికి మధ్యలో ఆగేదని, ఎందుకు ఆగారంటే చెప్పు తెగిందనేదని. మేం దోర్నపాల్ బయల్దేరే ముందు కూడా నాకు ఫోను చేసి వెండి కుర్రాడి వీపు ఎలా ఉందని అడిగింది. కర్ర పిల్ల నిద్రపోతోందా అని అడిగింది. మీరెలా ఉన్నారని నేను అడిగాను. "నాకేం, బాగున్నాను" అంది. పిల్లల దగ్గర ఒప్పుకోని మాట అది.

ఆ ఫోను వచ్చాక బావ ఆట ఆపేశాడు. మైకు నాదే అయినా చెప్పింది ఆయనే. ఉన్నవాళ్ళం ఉన్నట్టే లారీ ఎక్కాం. వెండి కుర్రాడు వెండిగానే, కర్ర పిల్ల బుగ్గల మీద ఎర్రచుక్కలతోనే, నేను సగం తెల్లమొహంతోనే. సెలవులకు వచ్చిన రబ్బరు పిల్ల అక్క భుజానికి ఆనుకుని కూర్చుంది. దారిలో ఎర్రబోరు దాటాక చిన్న కుర్రాడొకడు, "నాకు ఇక్కడ నొప్పిగా ఉంది" అని గుండెల మీద చెయ్యి పెట్టుకుని చెప్పాడు. ఎవరూ ఏమీ లేదులే అనలేదు. అక్క ఆ చెయ్యి మీద తన చెయ్యి వేసింది.

కొంటా చేరేసరికి పొద్దు గూకుతోంది. ఇంటి ముందు జనం ఉన్నారు. ఆమె ఎవరెవరికి మందిచ్చిందో అప్పుడు చూశాను. ఎక్కడెక్కడి ఊళ్ళవాళ్ళో. తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. ఆ తలుపు అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

లారీ ఆగగానే పిల్లలు దూకారు. లోపలికి పోతారనుకుని జనం దారి ఇచ్చారు. వాళ్ళు పోలేదు. అరుగు పక్కన పంపు దగ్గరికి పరుగెత్తి వరసలో నిలబడ్డారు. ఎవరూ చెప్పలేదు. సబ్బు అక్కడే ఉంది, అరిగిపోయి, ఆమె పెట్టినచోటే. ఒకడు పంపు కొడుతుంటే ఒకడు మొహం కడుక్కున్నాడు. వెండి కుర్రాడు మెడ వెనక కూడా రుద్దుకున్నాడు, అక్కడ రంగు మిగిలితే ఆమె తిప్పి పంపేది. మొహాన రంగే లేని రబ్బరు పిల్ల కూడా కడుక్కుంది. చివరికి నేను.

నీళ్ళు తెల్లగా, ఎర్రగా, వెండిగా కలిసిపోయి అరుగు కింద నుంచి రోడ్డు అంచుకు పారుతున్నాయి. మేమందరం తడి మొహాలతో గుమ్మం ముందు నిలబడ్డాం. తలుపు తెరిచే ఉంది. లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు.